గ్యాస్ గీజర్ వెలగడం లేదా? పార్టులు మార్చే ముందు మొదటి పది సెకన్లు వినండి

కార్తీకం దాటి చలి మొదలైందంటే నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా, అటు దేవరకొండ, అచ్చంపేట వైపైనా గీజర్ మెకానిక్కుల ఫోన్లు ఎంగేజే వస్తాయి. ఎండాకాలం నుంచి ఎవరూ ముట్టుకోని గీజర్‌ను అందరూ ఒకే వారంలో ఆన్ చేస్తారు కాబట్టి అది సహజమే. ఆ ఏడెనిమిది నెలల్లో సెల్లులు చచ్చిపోయి ఉంటాయి, జాలీలో బోరు ఇసుక చేరి ఉంటుంది, లోపలి రబ్బరు గట్టిపడి ఉంటుంది, బర్నర్ సందుల్లో సాలీడు గూడు పెట్టి ఉంటుంది. వీటిలో చాలావాటిని మీరే కనిపెట్టొచ్చు, కొన్నింటిని మీరే సరిచేసుకోవచ్చు. ఒక్కటే షరతు, పేచ్‌కస్ పట్టుకునే ముందు గీజర్ ఏం చేస్తోందో చూడాలి, వినాలి. నల్లా తిప్పిన మొదటి పది సెకన్లలోనే లోపం ఎటువైపు ఉందో అది చెప్పేస్తుంది. అది గమనించకుండా మాడ్యూల్ (రవ్వ కొట్టించే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయింది, మొత్తం మార్చాలి అన్న మాటకు తలూపి డబ్బులు పోసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక్కడ చెప్పేదంతా మన ఇళ్లలో ఎక్కువగా ఉండే రకం గురించి, అంటే నిమిషానికి ఆరు లీటర్లు కాచే, రెండు పెద్ద సెల్లులతో నిప్పురవ్వ పుట్టించే ఇన్‌స్టంట్ గీజర్. ఎప్పుడూ ఒక చిన్న మంట వెలుగుతూ ఉండే పైలట్ రకం గురించి తర్వాత చెప్తాను.

ఏదీ ముట్టుకోక ముందు

సిలిండర్ దగ్గర, గీజర్ కింద నేలకు దగ్గరగా వంగి వాసన చూడండి. ఎల్పీజీ గాలి కంటే బరువు, అందుకే అది పైకి పోకుండా నేలమీద, మూలల్లో నిలబడుతుంది. నిలబడి చూస్తే వాసన తెలియకపోవచ్చు. వాసన వస్తే రెగ్యులేటర్ ఆపేసి తలుపులు, కిటికీలు తీయండి. లైటు స్విచ్చిగానీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్చిగానీ వేయొద్దు, వేసి ఉంటే ఆపనూ వద్దు, ఎందుకంటే స్విచ్చి నొక్కినప్పుడు లోపల పుట్టే చిన్న మెరుపు చాలు అంటుకోవడానికి. బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయండి, అది గ్యాస్ లీకేజీ కోసమే పెట్టిన అత్యవసర నంబరు.

వాసన లేదంటే ముందుకు పోదాం. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఒక్కో ప్రయత్నానికి మధ్య కొన్ని నిమిషాలు ఆగండి. వెలగని గ్యాస్ లోపల కొద్దికొద్దిగా చేరి, ఆ తర్వాత వచ్చే రవ్వకు ఒక్కసారిగా భగ్గుమంటుంది. తొందరలో నల్లాను వరసగా తిప్పడం, మూయడం, మళ్లీ తిప్పడం చాలామందికి అలవాటు, దాన్ని మానుకోవాలి.

లోపల అసలు ఏం జరుగుతుంది

నల్లా తిప్పగానే నీళ్లు కదులుతాయి. ఆ ఒత్తిడికి లోపల ఒక రబ్బరు పొర ఉబ్బి చిన్న కడ్డీని నెడుతుంది. కడ్డీ ఒకవైపు గ్యాస్ వాల్వును తెరుస్తుంది, ఇంకోవైపు మైక్రోస్విచ్చిని కదిలిస్తుంది. స్విచ్చి కదిలితే సెల్లుల కరెంటు మాడ్యూల్‌కు అందుతుంది, అది టక్ టక్ మంటూ రవ్వలు కొడుతూనే సోలెనాయిడ్ అనే రెండో గ్యాస్ వాల్వును కూడా తెరుస్తుంది. బర్నర్ అంటుకుంటుంది. మంటలో మునిగి ఉండే ఒక సన్నని కడ్డీ, సెన్సర్, "మంట వచ్చింది" అన్న సంగతిని మాడ్యూల్‌కు చేరవేస్తుంది. మంటకు కొద్దిపాటి కరెంటును ప్రవహింపజేసే గుణం ఉంది, ఆ అతిచిన్న కరెంటే ఇక్కడ సాక్ష్యం. సాక్ష్యం అందకపోతే మాడ్యూల్ కొన్ని సెకన్లలో గ్యాస్ ఆపేస్తుంది.

అంటే ఈ గొలుసులో నీళ్లు, స్విచ్చి, సెల్లులు, రవ్వ, గ్యాస్, సెన్సర్ ఈ వరుసలోనే వస్తాయి. ఎక్కడ తెగిందో మీ చెవికి, కంటికి తెలుస్తుంది. టక్ టక్ వినపడకపోతే లోపం నీళ్ల వైపో సెల్లుల వైపో ఉన్నట్టు. టక్ టక్ ఉండి మంట రాకపోతే గ్యాస్ వైపు. మంట వచ్చి వెంటనే పోతే సెన్సర్ వైపు. కాసేపు బాగానే వెలిగి మధ్యలో ఆరితే అది వేరే కథ, దానికి కూడా వస్తాను.

టక్ టక్ కూడా లేదు

ముందు సెల్లులు. గీజర్ అడుగున చిన్న డబ్బా ఉంటుంది, అందులో ఒకటిన్నర వోల్టుల పెద్ద సెల్లులు రెండు. తీసి చూడండి, తుప్పుగానీ పచ్చటి పొడిగానీ ఉంటే జీరో పేపరుతో, అంటే సన్నని గరుకు కాగితంతో రుద్ది రేకులు మెరిసేలా చేయండి. ప్లస్, మైనస్ గుర్తులు సరిచూసి రెండూ కొత్తవే వేయండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది. దొరికితే ఆల్కలైన్ సెల్లులు కొనండి, ధర ఎక్కువైనా చలికాలమంతా ఆగుతాయి. బాత్రూం తేమలో సీజన్ అయిపోయాక కూడా సెల్లులు లోపలే వదిలేయడం వల్లే సగం డబ్బాలు పాడవుతున్నాయి. హోలీ పండుగ అయ్యిందంటే సెల్లులు తీసి పక్కన పెట్టేయండి.

సెల్లులు బాగుంటే నీళ్లు చూడాలి. మన ఇళ్లలో ట్యాంకి ఎత్తే అసలు సమస్య. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లకు సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది, అదే బాత్రూం పైకప్పు మీద నేరుగా కూర్చోబెట్టిన ట్యాంకి అయితే గీజర్‌కు మిగిలేది దానిలో పదో వంతో ఐదో వంతో. చాలా గీజర్లు పనిచేయడానికి కావలసిన కనీస ఒత్తిడి కూడా దాదాపు అక్కడే ఉంటుంది. అందుకే ట్యాంకి నిండుగా ఉన్నప్పుడు వెలిగి, సగానికి దిగగానే మొరాయిస్తుంది. మీ గీజర్ పొద్దున మోటారు వేశాక పనిచేసి, సాయంత్రం పనిచేయకపోతే మెకానిక్ కంటే ముందు ట్యాంకిని అనుమానించండి. దాన్ని ఇంకో నాలుగైదు అడుగులు ఎత్తు దిమ్మె మీద పెట్టడమో, చిన్న ప్రెషర్ పంపు బిగించడమో దీనికి మందు.

ట్యాంకి ఎత్తు బాగానే ఉండి, నిరుడు వెలిగిన గీజర్ ఇప్పుడు వెలగకపోతే జాలీ మూసుకుపోయిందన్నమాట. దాన్ని ఇలా శుభ్రం చేయాలి. గ్యాస్ ఆపి, సెల్లులు తీసి, గీజర్‌కు నీళ్లు పోయే వాల్వు మూసేయండి. గీజర్‌లోకి నీళ్లు వచ్చే పైపు నట్టును పానాతో విప్పండి, కింద బకెట్టు పెట్టుకుంటే మంచిది. నట్టు లోపల చిన్న జాలీ కనిపిస్తుంది, దాన్ని ముక్కు ప్లయరుతో మెల్లగా లాగి పాత టూత్‌బ్రష్‌తో కడగండి. తిరిగి బిగించే ముందు ఒక్క క్షణం వాల్వు తెరిచి పైపులో మిగిలిన ఇసుకను బకెట్టులోకి వదిలేయండి, లేదంటే కడిగిన జాలీ మళ్లీ మొదటి రోజే నిండుతుంది. వైసరు చిట్లి ఉంటే కొత్తది వేయండి. షవర్ తలకాయ కూడా ఓసారి విప్పి చూడండి, దాని రంధ్రాలు సున్నంతో మూసుకుపోయినా నీళ్ల ధార తగ్గి కడ్డీ కదలదు. కొత్తగా బిగించిన గీజర్ అయితే నీళ్లు వచ్చే పైపు, పోయే పైపు తారుమారు అయ్యాయేమో చూడాలి, తొందర్లో బిగించిన చోట ఇది జరుగుతుంది.

ఇవన్నీ సరిగా ఉండి, ధార గట్టిగా వస్తున్నా చప్పుడు లేదంటే రబ్బరు పొర చిరిగి ఉండాలి, లేదా మైక్రోస్విచ్చి పట్టేసి ఉండాలి. రెండూ చిన్న వస్తువులే, కానీ వాటి కోసం వాటర్ వాల్వు విప్పాలి, అది గ్యాస్ వాల్వుతో కలిసి ఉంటుంది. అక్కడ చేయి పెట్టొద్దు, మెకానిక్‌ను పిలవండి.

టక్ టక్ ఉంది, మంట లేదు

రెగ్యులేటర్ ఆన్‌లో ఉందా, గీజర్ వైపు గ్యాస్ నల్లా తెరిచి ఉందా అన్నది చూశాకే మిగతావి. అదే సిలిండర్‌కు పొయ్యి కూడా ఉంటే పొయ్యి వెలిగించి చూడండి, అది కూడా బలహీనంగా వెలిగితే గ్యాసే తక్కువ. సిలిండర్ మార్చిన వెంటనే అయితే పైపులో గాలి ఉంటుంది, రెండు మూడు ప్రయత్నాల్లో అది పోయి మంట వస్తుంది.

ఇక్కడ ఒక విషయం చాలామంది గమనించరు. పొయ్యి బాగానే వెలుగుతోంది కాబట్టి గ్యాస్ ఉంది, తప్పు గీజర్‌దే అనుకుంటారు. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లను పాతిక డిగ్రీలు వేడి చేయాలంటే సుమారు పదిన్నర కిలోవాట్ల వేడి కావాలి. ఇంటి పొయ్యి బర్నర్ ఒక్కోటి రెండు కిలోవాట్ల దాకా ఇస్తుంది. అంటే ఐదారు బర్నర్లు ఒకేసారి ఫుల్లుగా మండించినంత గ్యాస్ గీజర్‌కు కావాలి. చివరికొచ్చిన సిలిండర్ ఒక బర్నర్‌ను పోషిస్తుంది గానీ దీన్ని పోషించలేదు. సిలిండర్‌లోని ద్రవం ఆవిరైతేనే గ్యాస్ వస్తుంది, ఆవిరవుతున్నప్పుడు అది చల్లబడుతుంది, చల్లబడ్డకొద్దీ ఆవిరవడం తగ్గుతుంది. తెల్లవారుజామున సిలిండర్ మీద నీటి బొట్లు కనిపిస్తే ఇదే జరుగుతోందని అర్థం. దానికి సిలిండర్‌ను వేడినీళ్లలో పెట్టడం, పడుకోబెట్టడం లాంటివి చచ్చినా చేయొద్దు. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి పోతుంది. నిండు సిలిండర్‌ను గీజర్‌కు పెట్టి, చివరికొచ్చిందాన్ని వంటకు వాడుకోవడం మంచి పద్ధతి.

రెగ్యులేటర్‌కు, పైపుకు మధ్య మీటరు ఉన్న సేఫ్టీ డివైస్ పెట్టించి ఉంటే దాన్ని కూడా అనుమానించండి. గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువ పారితే లీకేజీ అనుకుని మూసేయడమే దాని పని, గీజర్ మొదలయ్యేటప్పుడు సరిగ్గా అలాగే పారుతుంది. హోటల్ బట్టీలకు వాడే హైప్రెషర్ రెగ్యులేటర్ తెచ్చి బిగిస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు, అది ప్రమాదం. ఇంటి రెగ్యులేటర్ చదరపు సెంటీమీటరుకు 30 గ్రాముల ఒత్తిడికి కట్టి ఉంటుంది, గీజర్ నాజిళ్లు, అంటే గ్యాస్ చిమ్మే సన్నని రంధ్రాలు కూడా దానికే చేసి ఉంటాయి. అంతకు మించితే మంట పొంగి బయటికి వస్తుంది.

గ్యాస్ కూడా పుష్కలంగా ఉందంటే మళ్లీ సెల్లుల దగ్గరికే రావాలి. సగం చచ్చిన సెల్లులతో కూడా టక్ టక్ బాగానే మోగుతుంది, కానీ సోలెనాయిడ్‌ను లాగే బలం వాటికి ఉండదు. చప్పుడు వింటున్నాం కదా, సెల్లులు మంచివే అనుకోవడమే ఈ లోపంలో పెద్ద పొరపాటు. కొత్తవి వేసి చూడటానికి పట్టేది ఒక్క నిమిషం. అప్పుడూ రాకపోతే రవ్వ అసలు బర్నర్ మీద పడుతోందా అన్నది ముందరి అద్దంలోంచి చూడండి. గదిలో లైటు ఆపితే నీలి రవ్వ స్పష్టంగా కనపడుతుంది. పింగాణీ తొడుగున్న కడ్డీ కొసకు, బర్నర్‌కు మధ్య దూరం మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు ఉండాలి. పింగాణీ పగిలినా, తేమ పట్టినా రవ్వ పక్కదారి పట్టి డబ్బా రేకు మీద పడుతుంది, చప్పుడు మాత్రం మామూలుగానే ఉంటుంది.

ఢబ్ మని అంటుకుంటే

ఆలస్యంగా, చప్పుడుతో అంటుకోవడాన్ని చాలా ఇళ్లలో అలవాటు చేసుకున్నారు. "అది అంతే, మొదట ఒకసారి అట్ల అంటది" అంటారు. అలా ఉండకూడదు. బర్నర్ మొత్తం గ్యాస్‌తో నిండాక గానీ రవ్వ అందడం లేదని దానర్థం. రవ్వ కొట్టే కడ్డీ పక్కకు వంగడమో, ఆ దగ్గరి నాజిల్‌లో బూజు పట్టడమో కారణమవుతుంది. బాగు చేయించేదాకా వాడొద్దు. అద్దం పగిలి ముఖం మీదికి వచ్చే ప్రమాదం ఉంది.

వెలుగుతుంది, ఐదారు సెకన్లలో ఆరిపోతుంది

ఇది సెన్సర్ కడ్డీ మీద మసి. గ్యాస్ ఆపి, సెల్లులు తీసి, గీజర్ చల్లారాక ముందు రేకు విప్పండి. మామూలుగా కింద రెండు స్క్రూలు, పైన కొక్కాలు ఉంటాయి, నాబులు ముందుకు లాగితే వస్తాయి. బర్నర్ ముందు రెండు కడ్డీలు కనిపిస్తాయి, మందపాటి వైరున్నది రవ్వ కొట్టేది, సన్నని వైరున్నది సెన్సర్. సెన్సర్ కొసను జీరో పేపరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. వంచొద్దు, అది మంటలో మునిగేలా ఉంటే చాలు. దాని వైరు వెనక క్లిప్పు వదులుగా ఉందేమో లాగి చూసి బిగించండి. మాడ్యూల్ నుంచి డబ్బా రేకుకు పోయే ఎర్తు వైరు తుప్పు పట్టినా ఇదే లక్షణం, ఆ స్క్రూ విప్పి రుద్ది బిగించాలి. పావుగంట పని. మాడ్యూల్ మార్చాలని చెప్పేముందు ఈ కడ్డీ తుడిచారా అని మెకానిక్‌ను అడగండి.

రేకు ఎలాగూ విప్పారు కాబట్టి బర్నర్ పళ్ల మధ్య ఉన్న దుమ్మును మెత్తని బ్రష్‌తో దులపండి. నాజిల్ రంధ్రాల్లో సూది, పిన్నీసు పెట్టి తిప్పొద్దు, రంధ్రం పెద్దదైతే గ్యాస్ ఎక్కువ పారి మంట పసుపుగా మారుతుంది.

స్నానం మధ్యలో ఆరిపోతే

ఇరవై నిమిషాలు దాటిందా? చాలా గీజర్లు ఇరవై నిమిషాలకు వాటంతట అవే ఆగిపోతాయి, అది లోపం కాదు, రక్షణ. నల్లా కట్టి మళ్లీ తిప్పితే వెలుగుతుంది, అయినా అంతసేపు ఏకబిగిన వాడకపోవడమే నయం.

చన్నీళ్లు కలపగానే ఆరిపోతే మిక్సర్ నల్లాను చూడాలి. చన్నీళ్ల పైపు నేరుగా ట్యాంకి నుంచి బలంగా వస్తుంది, వేడినీళ్లు గీజర్ సన్నని గొట్టాల్లో తిరిగి బలం తగ్గి వస్తాయి. రెండూ కలిసే చోట చన్నీళ్లు వేడినీళ్లను వెనక్కి నెడతాయి, గీజర్‌లో ధార తగ్గి కడ్డీ వెనక్కి వస్తుంది, మంట పోతుంది. చన్నీళ్లు కలపడం మానేసి గీజర్ మీదే గ్యాస్ నాబును తగ్గించండి, నీళ్ల నాబును పెంచండి, వింటర్, సమ్మర్ అని రాసి ఉన్న నాబును సమ్మర్‌కు తిప్పితే బర్నర్ వరసల్లో కొన్నే వెలుగుతాయి. గ్యాస్ కూడా ఆదా.

ఈ రెండూ కాకపోతే గార. మన దగ్గర గీజర్ పాడైతే వెంటనే ఫ్లోరైడ్ నీళ్ల మీదికి నెడతారు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను ఏం చేసిందో తెలిసినవాళ్లకు ఆ అనుమానం రావడం సహజమే, కానీ గీజర్ గొట్టాల్లో తెల్లగా గడ్డకట్టేది ఎక్కువగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు, అంటే నీటి కాఠిన్యం. తాగడానికి మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా స్నానానికి బోరు నీళ్లే వాడే ఇళ్లలో ఇది తప్పదు. గార పట్టిన రాగి గొట్టానికి మంట వేడి తగులుతుంది గానీ నీటికి చేరదు. గొట్టం మరీ వేడెక్కితే దాని మీది ఓవర్‌హీట్ సెన్సర్ గ్యాస్ ఆపేస్తుంది. ఆరే ముందు లోపల నీళ్లు మరిగినట్టు చప్పుడు వస్తుంది, అదే గుర్తు.

దీనికి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ చాలు. గ్యాస్ ఆపి, సెల్లులు తీసి, నీళ్ల వాల్వు కట్టి రెండు పైపులూ విప్పండి. లీటరు గోరువెచ్చని నీటికి యాభై గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, నీళ్లు వచ్చే కొసను మూసి, బయటికి పోయే కొసకు గీజర్ కంటే పైకి చేరే గొట్టం తగిలించి చిన్న గరాటుతో మెల్లగా నింపండి. నురగ వస్తుంది, కంగారు పడొద్దు. ఓ అరగంట ఉంచి కింద నుంచి వదిలేస్తే పచ్చగా, బురదగా వస్తుంది. తేటగా వచ్చేదాకా మళ్లీ నింపండి. తర్వాత మామూలు నీళ్లు బాగా వదిలి కడిగాకే గ్యాస్ పెట్టాలి. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం పోయొద్దు, అది గారతో పాటు రాగిని కూడా తింటుంది, పలచబడ్డ గొట్టం తర్వాత సీజన్‌లో కారుతుంది.

మంట రంగు, కిటికీ

అన్నీ సరిచేశాక మంట నీలంగా, చదునుగా, చప్పుడు లేకుండా ఉండాలి. పసుపు కొసలు, ఎర్రటి నాలుకలు, పైన రేకు మీద మసి కనిపిస్తే గ్యాస్ పూర్తిగా మండడం లేదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతోంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల బరువు, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, ఆ తర్వాత కాళ్లు కదలవు. గొళ్లెం దాకా చేరేలోపే పడిపోయేవాళ్లు ఉన్నారు. మన డాక్టర్లు దీనికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అనే పేరే పెట్టుకున్నారు, అంతగా చూశారు దాన్ని.

ఓ లెక్క చూడండి. కిలో ఎల్పీజీ పూర్తిగా మండటానికి సుమారు పన్నెండు ఘనమీటర్ల గాలి కావాలి. ఫుల్లుగా నడిచే ఆరు లీటర్ల గీజర్ పావుగంటలో దాదాపు పావుకిలో గ్యాస్ కాలుస్తుంది, అంటే మూడు ఘనమీటర్ల గాలిలోని ఆక్సిజన్ ఖర్చు. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న బాత్రూంలో మొత్తం ఉండేదే ఐదున్నర ఘనమీటర్లు. చలి అని కిటికీ మూసి, తలుపు గడియ పెట్టి పావుగంట స్నానం చేస్తే లోపల సగం ఆక్సిజన్ గీజరే తాగేస్తుంది. అంతదాకా కూడా పోదు, అంతకంటే చాలా ముందే మంట చెడిపోయి విషం పుడుతుంది. అందుకే ఇది నా ఖచ్చితమైన మాట, గీజర్ బాత్రూం లోపల ఉంటే దాన్ని బాగుచేయడం కంటే ముందు అక్కడినుంచి తీయండి. బయట గోడకు, బాల్కనీలో, వానపడని చోట బిగించి వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి తీసుకురండి. పొగగొట్టం ఉన్న రకమైతే ఆ గొట్టం ఇంటి బయటికి తెరుచుకోవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాం కదా అనుకోవద్దు, లోపలికి గాలి వచ్చే దారి లేకుండా ఫ్యాన్ ఎక్కడినుంచి లాగుతుంది? అద్దె ఇంట్లో ఉంటే ఈ లెక్కను ఇంటి ఓనరుకు చూపించండి, పిల్లలున్న ఇల్లయితే గట్టిగా అడగండి. గీజర్ తీసేదాకా బాత్రూం తలుపు తెరిచిపెట్టి బకెట్టు నింపుకుని, గీజర్ కట్టేసి, కాసేపు గాలి ఆడాకే స్నానానికి పోవాలి.

ఎవరైనా లోపల పలకకపోతే ముందు తలుపు పగలగొట్టి వాళ్లను బయటి గాలిలోకి తెండి, గ్యాస్ ఆపి 108కి ఫోన్ చేయండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపించినా నమ్మొద్దు, అది కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూపిస్తుంది. ఆసుపత్రిలో "గీజర్ గ్యాస్ పీల్చారు" అని నోరు తెరిచి చెప్పాలి, లేకపోతే ఫిట్స్ అనుకునో బీపీ అనుకునో టైం పోతుంది.

పైలట్ ఉన్న రకం

పాత గీజర్లు కొన్నింటిలో, హోటల్ బట్టీలలో, అమెరికాలో మన పిల్లల ఇళ్లలో గోడకు ఉండే గ్యాస్ ఫైర్‌ప్లేసుల్లో ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంట ఉంటుంది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వీడియో కాల్ చేసి "పైలట్ నిలబడట్లేదు నాన్నా" అంటే చెప్పడానికి ఇది పనికొస్తుంది.

పైలట్ మంటలో థర్మోకపుల్ అనే కడ్డీ ఉంటుంది. రెండు వేర్వేరు లోహాలు కలిసిన చోట వేడి తగిలితే కొద్దిపాటి కరెంటు పుడుతుంది, ఇరవై ముప్పై మిల్లీవోల్టులు, ఆ కాస్తే గ్యాస్ వాల్వును తెరిచి పట్టుకుంటుంది. సెల్లులు అవసరం లేదు. వెలిగించే పద్ధతి ఇది: నాబును ఆఫ్‌లో పెట్టి ఐదు నిమిషాలు ఆగాలి, తర్వాత పైలట్‌కు తిప్పి లోపలికి నొక్కిపట్టి ఇగ్నైటర్ కొట్టాలి, మంట వచ్చాక కూడా ముప్పై సెకన్లు, ఒక్కోసారి నిమిషం దాకా నొక్కే ఉంచాలి. కడ్డీ వేడెక్కేదాకా కరెంటు పుట్టదు కాబట్టి తొందరపడి వదిలితే ఆరుతుంది. నిమిషం పట్టినా వదలగానే ఆరితే ముందు మంట కడ్డీ కొసను చుట్టుకుంటోందా చూడాలి. సన్నగా, పసుపుగా, ఊగుతూ ఉంటే పైలట్ రంధ్రంలో దుమ్మో సాలెగూడో ఉంది, డబ్బాలో దొరికే గాలిని అక్కడ కొడితే పోతుంది. మంట మంచిగా చుట్టుకున్నా నిలబడకపోతే కడ్డీ మసి తుడిచి, వాల్వు దగ్గరి నట్టు చేతి బిగువుకు పైన కొద్దిగా బిగించి చూడాలి, అప్పటికీ కాకపోతే థర్మోకపుల్ మార్చాలి. రిమోట్‌తో నడిచే కొన్ని ఫైర్‌ప్లేసుల్లో దీంతోపాటు థర్మోపైల్ అని ఇంకో లావు కడ్డీ ఉంటుంది, పైలట్ బాగుండి పెద్ద మంట మాత్రం రాకపోతే చూడాల్సింది దాన్ని. అక్కడ చాలా ఇళ్లలో నేచురల్ గ్యాస్ వస్తుంది, అది మన ఎల్పీజీలా నేలమీద నిలవదు, పైకి లేస్తుంది, కాబట్టి వాసన కింద మాత్రమే చూస్తే సరిపోదు.

బిగించాక

విప్పిన ప్రతి కీలు దగ్గర, రెగ్యులేటర్ నుంచి గీజర్ దాకా, సబ్బు నురగ పూసి గ్యాస్ తెరిచి చూడండి. బుడగ ఉబ్బితే లీకు. అగ్గిపుల్లతో చూసే అలవాటు ఇంకా కొందరికి ఉంది, దాన్ని ఇంట్లో ఎవరు చేసినా ఆపండి. గ్యాస్ పైపు సురక్ష రకానిదై ఉండాలి, దాని మీద ముద్రించిన తేదీ చూసి ఐదేళ్లకోసారి మార్చాలి, మధ్యలో అతుకులు వేయొద్దు, గోడలో రంధ్రం పెట్టి రబ్బరు పైపు దాటించొద్దు, అక్కడ ఇనుప లేదా రాగి పైపు వేయించాలి.

గ్యాస్ వాల్వు, సోలెనాయిడ్, రబ్బరు పొర, రాగి గొట్టం కారడం, ఈ నాలుగూ మెకానిక్ పనులు. ఆయనకు ఫోన్ చేసినప్పుడు "గీజర్ ఆన్ కావట్లేదు" అని కాకుండా, "కొత్త సెల్లులు వేశాం, జాలీ కడిగాం, టక్ టక్ వస్తోంది, మంట ఐదు సెకన్లకు పోతోంది, సెన్సర్ కూడా తుడిచాం" అని చెప్పండి, ఏ పార్టు తెచ్చుకోవాలో ఆయనకు తెలుస్తుంది, రెండో రాక తప్పుతుంది. తీసేసిన పాత పార్టును అడిగి తీసుకోండి. కొత్త గీజరే కొనాల్సి వస్తే ఐఎస్ఐ మార్కు, దాని పైన ఐఎస్ 15558 అన్న నంబరు ఉన్నాయా చూడండి, ఆక్సిజన్ తగ్గితే ఆగిపోయే ఏర్పాటు ఉందా అని షాపులో అడగండి, బిగించడానికి వచ్చిన మనిషి బాత్రూం లోపల గోడకు రంధ్రం కొట్టబోతే ఆపి బయటి గోడ చూపించండి.